పాతికేళ్ల ముసురు

ఈ సినిమా పెట్టేముందు గదిలో లైటు ఆర్పేయాలి. కిటికీ తెరలూ లాగేయాలి. ‘బ్లేడ్ రన్నర్’లో పగలన్నది దాదాపు కనిపించదు. 2019 నవంబరు నాటి లాస్ ఏంజెలెస్ అంటూ రిడ్లీ స్కాట్ 1982లో చూపించిన ఊళ్లో వాన తెరిపివ్వదు, పొగ విడవదు. వెలుగంటే నియాన్ బోర్డులదే, అదీ తడి రోడ్డు మీద పడి చెదిరిపోయినదే.

ఆ ముసురు వెనక గుట్టు చాలా మామూలుది. ఆ వీధి బర్బ్యాంక్ స్టూడియోలో ఎప్పట్నుంచో ఉన్న న్యూయార్క్ వీధి సెట్టు. పగలు తీస్తే ఇట్టే పట్టేస్తారు. అందుకే రాత్రి, వాన, పొగ. ఆ పొగలోకి కెమెరామన్ జోర్డాన్ క్రోనెన్‌వెత్ వెనక నుంచి దీపాలు కొట్టాడు. ఎగిరే కార్లకు సిడ్ మీడ్ బొమ్మలు గీశాడు. మంటలు కక్కే ఆ మహానగరంలో కంప్యూటర్ చేసిన పనేమీ లేదు. డగ్లస్ ట్రంబుల్ బృందం ఇత్తడి రేకులతో భవనాల అంచులు కట్టి, ఫైబర్ ఆప్టిక్ తీగలతో చుక్కల్లాంటి దీపాలు పెట్టింది.

కథ ఫిలిప్ కె. డిక్ 1968 నవలలోది. నాలుగేళ్ల ఆయుష్షుతో తయారైన కృత్రిమ మనుషులు పారిపోతారు. వాళ్లను వేటాడే డెకార్డ్‌గా హారిసన్ ఫోర్డ్. సినిమా విడుదలకు దాదాపు నాలుగు నెలల ముందే డిక్ కన్నుమూశాడు.

జూన్ 25న థియేటర్లకొచ్చింది. రెండు వారాల ముందే వచ్చిన ‘ఈ.టి.’ జనాన్ని ఎత్తుకుపోయింది. జనానికి అర్థం కాదేమోనన్న భయంతో విడుదలకు ముందే ఫోర్డ్ గొంతుతో వ్యాఖ్యానం అతికించారు, సుఖాంతమూ తగిలించారు. చివర్లో కనిపించే పచ్చని కొండలు కుబ్రిక్ ‘ది షైనింగ్’ కోసం ఆకాశం నుంచి తీయగా మిగిలిపోయిన ఫిల్ములోవి. అతుకు దాగలేదు, ఆటా నిలబడలేదు.

దాన్ని బతికించింది వీడియో క్యాసెట్. నాకెప్పుడూ విచిత్రమనిపించేది ఇదే. కంటికోసమే పుట్టిన సినిమాకు దొరికిన తెర అన్నిటికన్నా నాసిరకంది! వీహెచ్ఎస్ టేపులో అడ్డంగా 240 గీతలంత వివరమే నిలిచేది. వెడల్పాటి బొమ్మను చదరపు టీవీకి సరిపెట్టాలంటే నూటికి నలభై వంతులకు పైగా కోసేయాలి. క్యాసెట్ అద్దెకు తెచ్చి రాత్రంతా చూసినవాళ్లకు ఆ బొమ్మ ఎలా ఉండేదో చెప్పనక్కర్లేదు. చీకటంతా బొగ్గుముద్ద. అయినా వెనక్కి తిప్పి తిప్పి చూశారు.

1987లో క్రైటీరియన్ లేజర్‌డిస్క్ వచ్చాక పూర్తి వెడల్పు ఇంట్లోనే దక్కింది. బొమ్మను వణుకు లేకుండా ఆపనూ వచ్చింది. ఆపితే తప్పులు కనబడతాయిగా! ఎగిరే కారుకు తీగలున్నాయి. అద్దాలు బద్దలు కొట్టుకుంటూ పరుగెత్తే కృత్రిమ మనిషి జోరా ముఖం డూప్‌ది. పాములమ్మేవాడితో మాట్లాడేటప్పుడు డెకార్డ్ పెదాలొకటంటే గొంతొకటంటుంది.

1990లో లాస్ ఏంజెలెస్ థియేటరొకటి పాత సినిమా వేయబోయి, వ్యాఖ్యానం దాదాపు లేని తొలి కూర్పును వేసేసింది. జనం ఎగబడ్డారు. దాంతో 1992లో వ్యాఖ్యానమూ కొండలూ పోయి, డెకార్డ్ ఒంటికొమ్ము గుర్రం కల చేరి, డైరెక్టర్స్ కట్ వచ్చింది. హడావుడి పని. స్కాట్‌కు అదీ తృప్తినివ్వలేదు.

ఆయన మనసుతీరా సరిదిద్దింది 2007లో, ‘ఫైనల్ కట్’ పేరుతో. ఎఫెక్ట్స్ షాట్ల 65 ఎంఎం నెగటివ్‌ను 8కెలో స్కాన్ చేశారు. బొగ్గుముద్దలోంచి కిటికీలు, గొడుగులు, వాన చుక్కలు విడివిడిగా బయటికొచ్చాయి. జోరాగా నటించిన జొవానా క్యాసిడీ పాతికేళ్ల తర్వాత మళ్లీ వచ్చి, డూప్ మీద అతికించడానికి తన ముఖం ఇచ్చింది. ఫోర్డ్ పెదాల కోసం ఆయన కొడుకు బెన్ కూర్చున్నాడు. తండ్రి మాట తప్పితే కొడుకు సరిచేయడమంటే ఇదే కాబోలు. బ్రీఫ్‌కేసులాంటి పెట్టెలో ఐదు డిస్కులు, ఐదు కూర్పులు అమ్మకానికి పెట్టారు.

అన్ని దిద్దుబాట్లకూ నేను తలూపాను, ఒక్కదానికి తప్ప. చివర్లో ఆ కృత్రిమ మనుషుల్లో ఒకడైన రాయ్ బ్యాటీ వానలో కూర్చుని ప్రాణం వదులుతాడు. చేతిలోని పావురం ఎగిరిపోతుంది. రాత్రి, జడివాన, కానీ పాత కూర్పుల్లో పావురం ఎగిరేది నీలాకాశంలోకి! పచ్చి తప్పు. 2007లో అక్కడ మసక ఆకాశం పెట్టేశారు. బ్యాటీగా వేసిన రట్గర్ హావర్, కథలో బ్యాటీ పోయిన 2019లోనే పోయాడు. ఆ కబురు తెలిసిన రాత్రి పెట్టె తీశాను. సినిమా అంతా ఫైనల్ కట్‌లోనే చూశాను. పావురం దగ్గరికొచ్చేసరికి డిస్కు మార్చాను.