ఎంసెట్ ర్యాంకు వచ్చిందా.. కాలేజీ వెతుకులాట ఎక్కడ మొదలుపెట్టాలి? అడ్వాన్స్ కట్టే ముందు ఇవి చూడండి!

ఎంసెట్ ఫలితాలు రాగానే తల్లిదండ్రుల ఫోన్లు మోగడం మొదలవుతుంది. ‘మీ అబ్బాయి ర్యాంకుకి కౌన్సెలింగ్‌లో సీఎస్ఈ రాదండీ.. ఇప్పుడే అడ్వాన్స్ కడితే సీటు బ్లాక్ చేస్తాం’ అంటూ కన్సల్టెన్సీల కాల్స్. (పరీక్ష పేరు ఈఏపీసెట్‌గా మారినా జనం నోట ఇప్పటికీ ఎంసెట్టే!) చాలా ఇళ్లలో కాలేజీ వెతుకులాట మొదలయ్యేది ఆ ఫోన్ కాల్ దగ్గరే. దెబ్బ తినేదీ అక్కడే.

ఎందుకంటే.. తెలంగాణలో ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటా, 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చేది కన్వీనర్ కోటా సీటుకే. భయపడి ముందే మేనేజ్‌మెంట్ సీటు కొనుక్కుంటే, అర్హత ఉన్నా నాలుగేళ్ల ఫీజు మొత్తం సొంత జేబులోంచే కట్టుకోవాలి. ఇక డొనేషన్ అంటారా.. అది 1983 నాటి చట్టం ప్రకారమే నిషేధం.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? కౌన్సెలింగ్ అధికారిక వెబ్‌సైట్‌లో ‘లాస్ట్ ర్యాంక్ స్టేట్‌మెంట్’ అని ఉంటుంది. గతంలో ఏ కాలేజీలో, ఏ బ్రాంచ్‌లో, ఏ కేటగిరీకి చివరి సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో అందులో ఉంటుంది. అబ్బాయిలకు, అమ్మాయిలకు వేర్వేరు కాలమ్స్. మీ ర్యాంకు 25 వేలు అనుకుందాం. సరిగ్గా 25 వేల దగ్గరే వెతకొద్దు. 15 వేల దగ్గర ఆగిన కాలేజీల నుంచి 40 వేల వరకు రాసుకోండి. సీట్లు పెరిగితే కటాఫ్ మారిపోతుంది కాబట్టి రెండు మూడేళ్ల లెక్కలు పక్కపక్కన పెట్టుకుంటే మంచిది.

ఇప్పుడు ఆ లిస్టును వడపోయాలి. హోర్డింగ్ మీద ‘44 లక్షల ప్యాకేజీ’ అని ఉంటుంది. పది మందిలో ఒకరికి 44 లక్షలు, తొమ్మిది మందికి 4 లక్షల చొప్పున వస్తే సగటు 8 లక్షలు. కానీ మధ్యలో నిలబడ్డ విద్యార్థి జీతం మాత్రం 4 లక్షలే! దీన్నే మీడియన్ అంటారు. ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగ్స్‌కు దరఖాస్తు చేసిన కాలేజీల సొంత వెబ్‌సైట్‌లోనే ఈ అంకె దొరుకుతుంది. ఎంతమంది చేరారు, ఎంతమంది నాలుగేళ్లలో పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చిందనేది కూడా ఆ పీడీఎఫ్‌లోనే ఉంటుంది. చేరినవాళ్లకీ పాసైనవాళ్లకీ మధ్య తేడా ఎక్కువగా కనిపిస్తే ఆ కాలేజీ గురించి ఇంకాస్త గట్టిగా ఆరా తీయాల్సిందే. అయితే ఒక మెలిక.. ఇందులో బ్రాంచ్‌లన్నీ కలిపే చూపిస్తారు. పైగా కాలేజీ ఇచ్చుకున్న లెక్కలే.

న్యాక్ గ్రేడ్ కాలేజీ మొత్తానికి ఇచ్చేది. ఎన్‌బీఏ గుర్తింపు మాత్రం బ్రాంచ్‌ల వారీగా ఉంటుంది. కాబట్టి ‘మాకు ఎన్‌బీఏ ఉంది’ అంటే ఏ బ్రాంచ్‌కి, ఎప్పటిదాకా అని అడగండి.

ఆ తర్వాత ఒక్కసారి వెళ్లి చూడండి. అడ్మిషన్ ఆఫీసులో కూర్చోవడం కంటే క్యాంటీన్ దగ్గర థర్డ్ ఇయర్ పిల్లలతో పది నిమిషాలు మాట్లాడితే చాలా తెలుస్తుంది. ల్యాబ్‌లు నడుస్తున్నాయా? లెక్చరర్లు ఏడాది మధ్యలో మారిపోతున్నారా? మీ ఊరి నుంచి బస్సుకు ఎంత?

వెబ్ ఆప్షన్స్ ఎన్నైనా పెట్టుకోవచ్చు, కానీ వరుస ముఖ్యం. సీటు కేటాయింపు పైనుంచి కిందికి చూస్తుంది. వచ్చినా చేరనని అనుకునే కాలేజీని మాత్రం అస్సలు పెట్టొద్దు. రెండో విడతలో పై ఆప్షన్ వస్తే మొదటి సీటు దానంతటదే పోతుంది, వెనక్కి రాదు.

చేరాక ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గరే ఉంచుకుంటామని కాలేజీ అంటే ఒప్పుకోనక్కర్లేదు. వెరిఫికేషన్ అయ్యాక వాటిని తిరిగి ఇచ్చేయాలని యూజీసీ 2018లోనే ఆదేశాలిచ్చింది.