పదమూడు నెలల ఏడాది

ఏడాదికి 365 రోజులు, వారానికి ఏడు. భాగిస్తే 52 వారాలు పోను ఒక రోజు మిగులుతుంది. లీపు సంవత్సరంలో రెండు మిగులుతాయి. ఏ తేదీ ఏ వారం పడుతుందో ఏటా మారిపోవడానికి ఈ మిగులే కారణం. నెలల పొడవు ఇంకో చిక్కు. జనవరి నుంచి జూన్ దాకా మామూలు ఏడాదిలో 181 రోజులైతే, జూలై నుంచి డిసెంబరు దాకా 184. ఆదివారం ఒక్కటే సెలవున్న చోట ఫిబ్రవరిలో 24 పనిదినాలు వస్తే, 31 రోజుల నెలలో 27 దాకా రావచ్చు. నెల జీతం మాత్రం రెండింటికీ ఒకటే. ఫిబ్రవరి కంటే మార్చిలో అమ్మకాలు పెరిగాయంటే బేరం పుంజుకుందో, రోజులే ఎక్కువున్నాయో విడిగా లెక్క కడితే గాని తేలదు.

బ్రిటన్‌లో రైల్వే లెక్కలు చూసిన మోజెస్ కాట్స్‌వర్త్‌కు ఎదురైన ఇబ్బంది ఇదే. నెలనెలా వచ్చే రాబడిని సరిపోల్చలేక విసిగి, ఆయన 1902లో కొత్త క్యాలెండర్ ప్రతిపాదించాడు. అందులో నెలలు పదమూడు. ప్రతి నెలకూ సరిగ్గా 28 రోజులు, అంటే నాలుగు వారాలు. జూన్, జూలైల మధ్య వచ్చే కొత్త నెల పేరు ‘సోల్’. ప్రతి నెలా ఆదివారంతో మొదలై శనివారంతో ముగుస్తుంది. పదమూడు నెలలకు 364 రోజులే అవుతాయి కనుక, డిసెంబరు 28 తర్వాత మిగిలిన రోజును ఏ వారానికీ చెందని ‘సంవత్సర దినం’గా పక్కన పెట్టాడు. లీపు రోజుకూ అదే ఏర్పాటు చేసి, దాన్ని జూన్ చివర ఉంచాడు.

ఈ పథకాన్ని మనసారా నమ్మినవాడు ఈస్ట్‌మన్ కొడాక్ అధిపతి జార్జ్ ఈస్ట్‌మన్. 1928లో తన కంపెనీ లెక్కలనూ ప్రణాళికలనూ పదమూడు నెలల పద్ధతికి మార్చాడు. ఆయన 1932లో చనిపోయినా ఆ ఏర్పాటు 1989 దాకా సాగింది. ఊరంతా ఒక క్యాలెండర్‌లో బతుకుతుంటే కంపెనీ లోపల మరొకటి అరవై ఏళ్లకు పైగా నడిచిందంటే, లెక్కలకు అది నిజంగా అక్కరకొచ్చిందనే చెప్పాలి.

కాట్స్‌వర్త్ క్యాలెండర్‌ను దేశాలు మాత్రం ఒప్పుకోలేదు. నానాజాతి సమితి 1931లో జెనీవాలో దీన్ని చర్చించి వదిలేసింది. పదమూడో నెల కంటే పెద్ద అడ్డంకి ఆ వారం లేని రోజే. 1582లో పోప్ గ్రెగరీ క్యాలెండర్‌లోంచి పది రోజులు తీసేసినప్పుడు కూడా అక్టోబరు 4 గురువారం తర్వాత వచ్చిన అక్టోబరు 15 శుక్రవారమే. తేదీలు దూకాయి గాని వారం తెగలేదు. యూదుల శనివారం, క్రైస్తవుల ఆదివారం, ముస్లింల శుక్రవారం ఆ తెగని వరుస మీదే నిలిచి ఉన్నాయి. మధ్యలో ఒక ఖాళీ రోజు చొప్పిస్తే ప్రార్థన దినం ఏటా జరిగిపోతుంది. ఎలిజబెత్ ఎకెలిస్ 1930లో తెచ్చిన ‘వరల్డ్ క్యాలెండర్’లో పన్నెండు నెలలే ఉన్నా ఖాళీ రోజు తప్పలేదు. 1950 దశకంలో భారతదేశం దీన్ని ఐక్యరాజ్యసమితి ముందు పెట్టింది. 1955లో అమెరికా వ్యతిరేకించాక అది మరి ముందుకు కదల్లేదు.

వారాన్నే మార్చిచూసిన ప్రభుత్వాలూ ఉన్నాయి. ఫ్రెంచి విప్లవకారులు 1793లో పది రోజుల వారం పెట్టారు. ఏడు రోజులకు దొరికే విశ్రాంతి పది రోజులకు ఒకసారి అయింది. 1806 జనవరి 1న నెపోలియన్ పాలనలో పాత క్యాలెండర్ తిరిగొచ్చింది. సోవియట్ యూనియన్ చేసిన ప్రయోగం ఇంకా కఠినమైనది. యంత్రాలు ఒక్క రోజు కూడా ఆగకూడదని 1929లో అయిదు రోజుల వారం తెచ్చారు. కార్మికులను అయిదు రంగుల జట్లుగా విడదీసి, ఒక్కో జట్టుకు ఒక్కో రోజు సెలవిచ్చారు. నాలుగు రోజులు పని, అయిదో రోజు విశ్రాంతి. కాగితం మీద కార్మికుడికి సెలవులు పెరిగాయి. కానీ భర్తకు సెలవున్న రోజు భార్య పనిలో ఉండేది, పిల్లలు బడిలో ఉండేవారు. నలుగురూ కలిసి కూర్చునే రోజే లేకుండా పోయింది. ఫ్యాక్టరీలకూ ఆశించిన మేలు దక్కలేదు. యంత్రాల మరమ్మతుకు వ్యవధి చిక్కలేదు, ఏ యంత్రానికి ఎవరు బాధ్యులో తేలలేదు. 1931లో అందరికీ ఒకే సెలవుండే ఆరు రోజుల వారానికి మారారు. 1940 జూన్‌లో ఏడు రోజుల వారం, ఆదివారం తిరిగొచ్చాయి. అందరికీ ఒకేసారి రాని తీరిక సగం తీరికే.

భారతదేశంలో జరిగిన సంస్కరణ దారి వేరు. 1952లో మేఘనాథ్ సాహా అధ్యక్షతన ఏర్పడిన కమిటీ దేశంలో వాడుకలో ఉన్న సుమారు ముప్పై పంచాంగాలను పరిశీలించింది. ఆ సిఫార్సుల మేరకు 1957 మార్చి 22 నుంచి, శక సంవత్సరం 1879 చైత్రం 1 తేదీతో, జాతీయ శక క్యాలెండర్ అమలైంది. సూర్యుడు నిజంగా ఉత్తరానికి తిరిగేది డిసెంబరు 22 ప్రాంతంలో అయితే, మకర సంక్రాంతి జనవరి 14కో 15కో వస్తోంది. సాహా కమిటీ సరిదిద్దాలనుకున్నది ఇలాంటి ఖగోళ దోషాలనే. పని లెక్కలు, వారాల జోలికి అది పోలేదు. శక తేదీ ప్రభుత్వ గెజిట్‌లో కనిపిస్తుంది. పండుగలు పాత పంచాంగాల ప్రకారమే జరుగుతాయి.

పనిని బట్టి కాలాన్ని సమాన భాగాలుగా విడగొట్టుకోవడం తెలుగు రైతుకు కొత్త కాదు. సూర్యుడు 27 నక్షత్రాల్లో సంచరించే కాలాలే కార్తెలు. ఒక్కొక్కటి పదమూడు, పద్నాలుగు రోజులు. రోహిణి కార్తె మే 25 ప్రాంతంలోనూ, మృగశిర జూన్ 7, 8 తేదీల్లోనూ వస్తాయి. ఏ కార్తెలో దున్నాలో, ఏ కార్తెలో విత్తాలో రైతుకు తెలుసు. రెండు కార్తెలు కలిపితే దాదాపు కాట్స్‌వర్త్ నెల అవుతుంది.

ఏ ప్రభుత్వమూ క్యాలెండర్ మార్చకపోయినా, ఈ నాలుగు వారాల పద్ధతిని ఎవరి డైరీలో వారు అమలు చేసుకోవచ్చు. జీతం, ఇంటి అద్దె, ఈఎంఐ, బడి ఫీజు ఎలాగూ నెల ప్రకారమే నడుస్తాయి, వాటిని అలాగే ఉంచాలి. చదువు, ఇంటి ఖర్చు, వ్యాయామం, చేతిపని వంటి వాటిని మాత్రం నాలుగు వారాల గడువులుగా పెట్టుకుంటే మేలు. ప్రతి గడువులోనూ ఆదివారాలు నాలుగే, సంత రోజులూ నాలుగే. అందుకే పోయిన గడువుతో ఈ గడువును పోలిస్తే వచ్చే తేడా నిజమైన తేడా. మొదటి మూడు వారాలకే పని కేటాయించి, నాలుగో వారాన్ని జ్వరాలకూ పెళ్లిళ్లకూ వెనకబడిన పనికీ వదిలిపెట్టడం మంచిది. వారానికి ఒక పూటైనా ఇంట్లో అందరికీ ఒకేసారి ఖాళీ ఉండేలా ముందే రాసుకోవాలి. మిగతా పనులను దాని చుట్టూ సర్దుకోవాలి. ఇలా లెక్కపెడితే ఏడాదిలో పన్నెండు సార్లు కాక పదమూడు సార్లు పని సరిచూసుకునే వీలుంటుంది. మొదలుపెట్టడానికి జనవరి ఒకటో తేదీ దాకా ఆగనవసరం లేదు, వచ్చే సోమవారం సరిపోతుంది.