సీమ పెరట్లో మాఘమాసపు పని

మాఘం చివరికొచ్చేసరికి కర్నూలు, కడప వీధుల్లో వేపచెట్లు ఆకు రాల్చడం మొదలుపెడతాయి. ఉగాదికి కొత్త చిగురు, పూత రావాలంటే పాత ఆకు పోవాల్సిందే. పొద్దున్నే వాకిలి ఊడిస్తే గంపెడు కసువు పోగవుతుంది. దాన్ని ఒక మూలకు తోసి అగ్గిపుల్ల గీసే ఇళ్లే ఎక్కువ. పెరట్లో నాలుగు కూరగాయ పాదులు ఉన్న ఇంటికి ఇది నిజమైన నష్టం. ఎండలు ముదరబోయే ముందు నేలకు అవసరమైన సరుకు సరిగ్గా అప్పుడే, ఉచితంగా, గడప ముందుకు వచ్చి పడుతుంది. దాన్నే తగలబెడుతున్నాం.

ఉమ్మడి కర్నూలు జిల్లాలో ఏడాదికి సగటున సుమారు 670 మిల్లీమీటర్ల వాన పడుతుంది. కడపలో సుమారు 700. అందులో ఎక్కువ భాగం ముంగారు వానలదే. ఈశాన్య రుతుపవనం కడపకు కాస్త ఎక్కువ ఇస్తుంది, కర్నూలుకు తక్కువ. డిసెంబరు దాటాక రెండు చోట్లా వాన మాట మరిచిపోవాల్సిందే. జనవరి నుంచి మార్చి దాకా పడేది చాలా ఏళ్లలో లెక్కకు కూడా రాదు. అంటే మాఘ, ఫాల్గుణాల నాటికి పెరటి నేలలో మిగిలే తడి అంతకుముందు ఏ రెండు మూడు నెలల కిందటో ఇంకిన నీరే. పైగా ఇక్కడి వసంతం చల్లగా ఉండదు. చైత్రంలోనే ఎండ 40 డిగ్రీలను తాకుతుంది.

చలిదేశాల తోటపని పుస్తకాలు వసంతానికి ముందు నేలను తిరగేసి, మీద కప్పిన చెత్తను తీసి, ఎండ తగలనివ్వమంటాయి. అక్కడి నేల చలికాలమంతా తడిగా, చల్లగా ఉంటుంది. అది వేడెక్కితే తప్ప విత్తనం మొలవదు. ఆ సలహాను ఆదోనిలోనో ప్రొద్దుటూరులోనో పాటిస్తే ఉన్న కాస్త తడీ వారంలో ఎగిరిపోతుంది. మన దగ్గర చేయాల్సింది దానికి పూర్తిగా తలకిందులు: నేలను కప్పాలి, తవ్వకం తగ్గించాలి.

ఎంత తడి పోతుందో చిన్న లెక్కతో తెలుస్తుంది. చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీళ్లు పోస్తే అది ఒక మిల్లీమీటరు వానతో సమానం. మార్చిలో ఈ జిల్లాల్లో మూత లేని తొట్టిలోని నీళ్లు రోజుకు ఆరు మిల్లీమీటర్లకు తక్కువ కాకుండా ఆవిరవుతాయి. ఏప్రిల్, మేల్లో ఇంకా ఎక్కువ. పది చదరపు మీటర్ల మడిని, అంటే పావు సెంటు జాగాను, కప్పు లేకుండా రోజూ పైపైన తడుపుతూ ఉంటే దాదాపు అదే వేగంతో నీరు పోతుంది: రోజుకు అరవై లీటర్లు, నాలుగు బిందెలు. మొక్క తాగినది ఇందులో లేదు. కొళాయి రోజు విడిచి రోజు వచ్చే వీధుల్లో నాలుగు బిందెల విలువ ఎంతో అక్కడి ఆడవాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

నేల ఆరడం రెండు దశల్లో జరుగుతుంది. పైపొర తడిగా ఉన్నంతసేపూ ఎండ, గాలి ఎంత లాగితే అంత నీరు పైకి వస్తుంది. మట్టి రేణువుల మధ్య సన్నని సందులు ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి కాబట్టి కింది తడి వాటి గుండా పైకి పాకుతుంది. పైపొర ఎండిపోయాక ఆ దారి తెగుతుంది. అప్పటి నుంచి నీరు ఆవిరి రూపంలో మాత్రమే, చాలా నెమ్మదిగా బయటికి వస్తుంది. పైరు వరసల మధ్య గుంటక తోలి పైమట్టిని గుల్ల చేసే సీమ రైతు పని వెనక ఉన్న శాస్త్రం ఇదే. ఆ గుల్ల మట్టి కింది తడికి మూతగా పనిచేస్తుంది. ఆకు, పొట్టు, కట్టె ఇంకా మేలైన మూతలు. అవి నీడనిస్తాయి, నేలను తాకే గాలిని ఆపుతాయి, మట్టి వేడిని తగ్గిస్తాయి. ఎండాకాలపు మిట్టమధ్యాహ్నం బోడి ఎర్రనేల పైపొర గాలి కంటే ఎంతో ఎక్కువగా కాగుతుంది. అందులో వానపాము కాదు కదా, లేత వేరు కూడా నిలవదు.

నల్లరేగడికి మరో బాధ ఉంది. నంద్యాల, కోవెలకుంట్ల, ఆదోని ప్రాంతాల్లోని ఆ నేలలో ఉబ్బే గుణమున్న బంకమట్టి ఎక్కువ. తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుని నెర్రెలు విచ్చుతుంది. నెర్రె ఒక్కోసారి మోకాలి లోతు దాటుతుంది. దాని రెండు గోడల నుంచీ తడి ఆవిరవుతుంది కాబట్టి నేల పైనుంచే కాక పక్కల నుంచి కూడా ఎండుతుంది. పెరట్లో నెర్రె కనిపించిన రోజే గుల్ల మట్టితో, పశువుల ఎరువుతో పూడ్చి, మీద ఆకు పరచాలి. నెర్రె విచ్చాక పైన నీళ్లు పోస్తే అవి వేరుకు అందకుండా కిందికి జారిపోతాయి.

కప్పడానికి సరుకు ఎక్కడిది? సీమలో ఆ కొరత లేదు. పప్పుశనగ ఈ నల్లనేలల్లో అక్టోబరు, నవంబరుల్లో విత్తి, దాదాపు మిగులు తడి మీదే పండించే పంట. జనవరి, ఫిబ్రవరుల్లో నూర్పిళ్లవుతాయి, పొట్టు మిగులుతుంది. కంది కోత కూడా ఆ రోజుల్లోనే. పత్తి కట్టె, బుడ్డల పొట్టు సరేసరి. వీటిలో పశువులు తినేది పశువులకు పోగా మిగిలింది పెరటికి చాలు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. బుడ్డల పొట్టు, కంది కట్టె, పత్తి కట్టెల్లో కార్బన్ ఎక్కువ, నత్రజని తక్కువ. వాటిని మట్టిలో కలిపితే కుళ్లబెట్టే సూక్ష్మజీవులు తమకు కావలసిన నత్రజనిని మట్టి నుంచే లాక్కుంటాయి, మొక్క పసుపు తిరుగుతుంది. వాటిని పైనే పరచాలి. కంది ఆకు, కానుగాకు అలా కావు, త్వరగా చివికి మొక్కకు తిండి అవుతాయి. అడుగున కానుగాకు, కందాకు, పైన గట్టి కట్టె ముక్కలు, మొత్తం నాలుగు వేళ్ల మందం ఉంటే సరిపోతుంది. మొక్క మొదలుకు మాత్రం జానెడు దూరం వదలాలి.

ఆ జానెడు ఎందుకంటే చెదలు. ఎండు కట్టె పరచగానే చెద పడుతుందని సీమలో చాలామంది ఈ పద్ధతికే జంకుతారు. భయం సహేతుకమే. అయితే చెదలకు ఇంకో ముఖమూ ఉంది. దాన్ని ప్రపంచానికి చూపించింది బుర్కినా ఫాసోకు చెందిన యాకూబా సవదోగో అనే రైతు. ఆఫ్రికాలో సహారా ఎడారికి దిగువన ఉన్న ఆ ప్రాంతంలో వానలు మన సీమ వానల్లాగే కొద్ది నెలలకే పరిమితం. 1980ల కరవు రోజుల్లో ఆయన ‘జై’ అనే పాత గుంతల పద్ధతిని మెరుగుపరిచాడు. వానలకు చాలా ముందే, ఎండాకాలంలో, గట్టిపడిన నేలలో జానెడు వెడల్పు గుంతలు తవ్వి, వాటిలో పెంట, ఆకు వేసేవాడు. ఆ వాసనకు చెదలు వచ్చేవి. అవి తొలిచిన సన్నని బొరియల గుండా తొలి వాన నీరు బండలాంటి నేలలోకి ఇంకేది. జొన్న, సజ్జ పండాయి, వాటితోపాటు చెట్లు కూడా లేచి బీడు నేల అడవైంది. 2018లో ఆయనకు రైట్ లైవ్లీహుడ్ అవార్డు వచ్చింది. 2023 డిసెంబరులో కన్నుమూశాడు. ఆయన గుంతలను పెరటి కొలతకు కుదించుకోవడం కష్టం కాదు. బీర, సొర, మునగ పెట్టదలచిన చోట ఫిబ్రవరిలోనే గుంత తీసి, సగం దాకా ఆకు, పశువుల ఎరువు నింపి, పైన మట్టి కప్పి వదిలేస్తే చాలు. చెదలు ఎండు కట్టె మీద పనిచేస్తూ నేలను గుల్ల చేస్తాయి. మొక్క మొదలు చుట్టూ గుప్పెడు వేప చెక్క చల్లితే అటు రావడం తగ్గుతుంది.

రాయి కూడా కప్పుగా పనికొస్తుంది. చైనాలోని గాన్సు ప్రాంత రైతులు వందల ఏళ్లుగా పొలం మీద గులకరాళ్లు పరిచి, వాటి సందుల్లో పుచ్చ పండిస్తున్నారు. కడప, బేతంచెర్ల వాళ్లకు నాపరాయి ముక్కలకు లోటు లేదు. నిమ్మ, జామ, కరివేపాకు చెట్ల చుట్టూ వాటిని సందులు వదిలి పరిస్తే తడి నిలుస్తుంది. అదే నాపరాయిని సిమెంటుతో అతికి పెరడంతా బిగిస్తే మాత్రం వాన చుక్క కూడా ఇంకదు, ఆ బండలు కాగి రాత్రి దాకా ఇంటిని వేడెక్కిస్తాయి. ఈమధ్య మన పట్టణాల్లో పెరళ్లన్నీ ఇలాగే మాయమవుతున్నాయి. ఇల్లు కట్టుకునేటప్పుడు కనీసం నాలుగు చెట్లకు సరిపడా మట్టి నేల వదలమని ఎవరైనా చెప్పాలి.

బూడిద విషయంలో తొందరపడకూడదు. తోటకు పొయ్యి బూడిద మంచిదని అందరూ అంటారు. ఆమ్లగుణమున్న నేలల్లో అది నిజం. కర్నూలు నల్లనేలలు అసలే క్షారగుణం కలవి, చాలా చోట్ల సున్నపు పాలు కూడా ఎక్కువ. అలాంటి మట్టిలో ఇనుము ఉన్నా మొక్కకు అందదు. లేత ఆకులు పాలిపోయి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. అక్కడ గంపల కొద్దీ బూడిద పోస్తే రోగం ముదురుతుంది. బాగా మాగిన పశువుల ఎరువు, ఆకు ఎరువే దీనికి మందు. బోరు నీళ్ల ఉప్పు మరో సంగతి. చలికాలమంతా రోజూ కాసిని నీళ్లు చిలకరిస్తే ఆ నీరు ఆవిరై ఉప్పు పైన మిగులుతుంది, మడి అంచున తెల్లగా పేరుకుంటుంది. వసంతానికి ముందు ఆ తెల్లపొరను గీకి తీసేసి, ఒక్కసారి నిండుగా నీరు పారించి, మిగిలిన ఉప్పును వేరు కిందికి దించాలి. ఆ తర్వాత రోజూ చెంబెడు పోయడం కంటే నాలుగైదు రోజులకోసారి లోతుగా పెట్టడం మేలు. బట్టలు ఉతికిన నీళ్లలో సోడియం ఉంటుంది, అది బంకమట్టిని బిగిస్తుంది. కూరగాయలు, బియ్యం కడిగిన నీళ్లు నిశ్చింతగా పోయవచ్చు.

మడిలో పూడ్చిన కుండ ఇప్పటికీ సాటిలేని సాధనం. మెరుగు పూయని మట్టికుండను మెడ దాకా పాతి, నీళ్లు నింపి, మూత పెడితే చుట్టూ మట్టి ఆరినప్పుడు నీరు ఎక్కువగా, తడిగా ఉన్నప్పుడు తక్కువగా ఊరుతుంది. చైనాలో రెండు వేల ఏళ్ల కిందటి వ్యవసాయ గ్రంథంలోనే దీని ప్రస్తావన ఉంది. కుండ చుట్టూ నాలుగు దోస గింజలు నాటితే వేరు తనంతట తానే కుండను వెతుక్కుంటుంది.

ఈ పనంతా పెద్ద ఎత్తున చేసి చూపించింది మన రాష్ట్రమే. 2016 నుంచి రైతు సాధికార సంస్థ నడుపుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో నేలను ఏడాది పొడవునా కప్పి ఉంచడం ఒక మూల సూత్రం. దీనికి 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ బహుమతి దక్కింది. భారతీయ సంతతి మట్టి శాస్త్రవేత్త రతన్ లాల్, ఈజిప్టు సంస్థ సెకెమ్‌లతో కలిసి పంచుకున్న బహుమతి అది. పులివెందులలో ఇండో-జర్మన్ సహకారంతో ఇదే రంగంలో పరిశోధన కోసం ఒక అకాడమీ కూడా ఏర్పడింది. సీమ రైతులు నవధాన్యాల సాగు అని పిలిచే పద్ధతి ఈ కార్యక్రమంలో భాగమే. జొన్న, సజ్జ, కొర్ర, కంది, అలసంద, ఉలవ, నువ్వు, ఆముదం, గోంగూర వంటి పదిహేనుకు పైగా విత్తనాలకు బీజామృతం, బంకమట్టి పట్టించి, వానకు ముందే పొడి దుక్కిలో చల్లి, పైన ఆకు కప్పుతారు. మట్టి పూత చీమల నుంచి, ఎండ నుంచి గింజను కాపాడుతుంది. ఎండాకాలపు తొలి జల్లుకు అవి లేస్తాయి. గాలిలోని తేమ, మంచు కూడా వీటిని నిలబెడతాయని కార్యక్రమ నిర్వాహకులు చెబుతారు. మంచు ఒక రాత్రిలో గరిష్ఠంగా మిల్లీమీటరు లోపే కాబట్టి ఆ ఒక్కదాని మీద ఆశ పెట్టుకోకూడదు. అసలు పని చేసేది కప్పు, వేరు.

పెరటికి విత్తనాల ఎంపికలో పేచీ లేదు. గోరుచిక్కుడు, అలసంద, గోంగూర, తోటకూర ఎండకు తట్టుకుంటాయి. తోటకూర తక్కువ నీటితో ఎక్కువ పెరిగే జాతి మొక్క. పిలవకుండా వచ్చే గంగపాయల కూర ఇంకా గట్టిది: నీరు కరవైతే పగలు ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి గాలి పీల్చుకోవడానికి మారిపోతుంది. దాన్ని కలుపని పీకేయకండి, పప్పులో వేసుకోండి. టమోటా, వంగ నారుకు పడమటి ఎండ తగలకుండా పడమర వైపు ఆముదం గింజలు నాలుగు వేయండి.

అన్నిటికంటే ముందు మట్టి పరీక్ష. పెరట్లో నాలుగైదు చోట్ల జానెడు లోతున మట్టి తీసి, కలిపి, నీడన ఆరబెట్టి, అరకిలో సంచిలో కట్టండి. కర్నూలు వైపువారు బనవాసి, నంద్యాల వైపువారు యాగంటిపల్లె, కడపవారు ఊటుకూరు కృషి విజ్ఞాన కేంద్రాలను సంప్రదించవచ్చు. క్షారం, లవణాల అంకెలు చేతికి వచ్చాకే బూడిద వేయాలా వద్దా, బోరు నీరు పెట్టాలా వద్దా తేల్చుకోండి. ఈ పని ఫిబ్రవరిలో పెట్టుకుంటే ఉగాది నాటికి విత్తనం వేయవచ్చు.