చెక్క కన్నం పూడ్చే ముద్ద కథ

ఆత్రేయపురం అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది పూతరేకు. బోర్లించిన కుండ వేడి వీపు మీద, బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను ఒక్కసారి లాగితే రెప్పపాటులో ఆరి, కాగితం కన్నా పలచని పొరగా లేచి వస్తుంది. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ రేకు దాదాపు అంతా పిండిపదార్థమే. నాలుక తడి తగలగానే కరగడం దాని గొప్పతనం. అదే జావను జిగురుగా గుమ్మం పగుల్లో పెట్టి చూడండి, ఒక్క వానాకాలం కూడా నిలవదు.

ఆత్రేయపురం ఉండే, గోదావరి గౌతమి, వశిష్ఠ పాయల నడుమ ఉన్న మధ్య డెల్టాలో తలుపు చెయ్యడం ఎంత పనో, దాన్ని కాపాడుకోవడం అంతకు మించిన పని. ఇక్కడి గాలి ఎండాకాలంలో ఒకలా, శ్రావణ భాద్రపదాల్లో ఒకలా ఉంటుంది. చెక్క ఆ గాలితో పాటే తడి పుచ్చుకుంటుంది, వదిలేస్తుంది. అడుగు వెడల్పున్న టేకు పలకలో తేమ నాలుగు శాతం పెరిగితే, కోత తీరును బట్టి, అడ్డంగా దాదాపు రెండు మిల్లీమీటర్లు ఉబ్బుతుంది. నిలువునా మాత్రం కదలిక లెక్కలోకి రాదు. చెట్టు బతికి ఉన్నప్పుడు నీళ్ళు మోసిన సన్నని గొట్టాలన్నీ నిలువునా పేర్చినట్టు ఉంటాయి. వాటి గోడల్లోకి చేరిన తడి వాటిని లావు చేస్తుందే తప్ప పొడుగు చెయ్యదు. అందుకే పగుళ్ళన్నీ నిలువుగానే వస్తాయి. పగుల్లో ఏం నింపాలన్న ప్రశ్న ఈ అడ్డ కదలికతోనే మొదలవుతుంది.

మన తెలుగు నేల మీద ఈ ప్రశ్నకు దొరికిన అతి అందమైన జవాబు కొండపల్లిలో ఉంది. బొమ్మల కోసం అక్కడివారు వాడేది తెల్లపొణికి కర్ర. తేలిక, మెత్తన. కాళ్ళు, చేతులు, తల విడివిడిగా చెక్కి, అతికేచోట ‘మక్కు’ పెడతారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి నూరిన ముద్ద అది. అతకడానికీ అదే, సందు పూడ్చడానికీ అదే, ముక్కూ చెవీ తీర్చడానికీ అదే. ఆరాక సుద్ద పూసి రంగులు వేస్తే అతుకు ఎక్కడుందో కంటికి చిక్కదు.

చింతగింజ పప్పులో సగానికి పైగా ఉండేది జైలోగ్లూకాన్ అనే పొడవాటి చక్కెర గొలుసు. మొక్కల కణాల గోడల్లో సెల్యులోజ్ పోగులను పట్టి ఉంచే పని చేసేది ఆ జాతి పదార్థమే. దాని వెన్నెముక సెల్యులోజ్ గొలుసులాగే తిన్నగా ఉంటుంది, దాన్ని ఆనుకుని అతుక్కుంటుంది. బియ్యపు పిండి గొలుసులోనూ ఉన్నది గ్లూకోజే. కానీ ముడి పడిన తీరు వేరు, అందువల్ల అది మెలి తిరిగి ఉంటుంది, చెక్కను అంత గట్టిగా పట్టదు. కొండపల్లి పనివాళ్ళు కణం గోడను చూసి ఈ ముద్ద తయారు చెయ్యలేదు, చేతికి తెలిసి చేశారు. అయినా వాళ్ళు పెట్టింది చెక్క తనకు తాను వాడుకునే జిగురుకు దగ్గరి చుట్టం. పొట్టు కూడా చెక్కే కాబట్టి పూడిక కూడా ఆ కర్రలాగే గాలికి ఉబ్బుతుంది, తగ్గుతుంది. బొమ్మల అలమరలో దీన్ని మించినది లేదంటాను. వాన జల్లు కొట్టే వీధి గుమ్మానికి మాత్రం పనికిరాదు. నీళ్ళకు నాని, బూజు పడుతుంది.

నీటిని ఎదుర్కొన్నవాళ్ళు ఓడల వాళ్ళు. కాకతీయుల మోటుపల్లి రేవు గురించి కూడా రాసిన మార్కో పోలో, 13వ శతాబ్దం చివర ఇండియాకు వచ్చిపోయే ఓడల సందులు పూడ్చే పద్ధతిని వర్ణించాడు. సున్నం, సన్నగా తరిగిన జనపనార, ఒక చెట్టు నూనె కలిపి దంచి పూస్తారని చెప్పాడు. సున్నం నూనెలోని ఆమ్లాలతో కలిస్తే నీళ్ళలో కరగని ఒక రకం సబ్బు తయారవుతుంది. నార దానికి బలం ఇస్తుంది. నూనెలో కరిగించిన గుగ్గిలం కూడా మన తీరాల్లో పడవలకు పూసిన పూతే. అల మీద పడవ వంగుతుంటే ఆ ముద్దా వంగాలి. రాయిలా గట్టిపడితే ఊడిపోతుంది.

రంగులవాళ్ళు పెట్టే నూనె లప్పం ఈ వంశానిదే: సుద్ద పొడి, అవిసె నూనె. అవిసె నూనె నీళ్ళలా ఆవిరై ఆరదు. గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చి, గొలుసులు ఒకదానితో ఒకటి ముడిపడి బిగుస్తుంది. అందుకే ఆరేకొద్దీ బరువు పెరుగుతుంది. ఒక్కసారే మందంగా పెడితే పైన పొర కట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది. పలచగా ఒక పూత, ఆరాక మరో పూత, అంతే. రంగు వేసే తలుపుకు ఇది ఇప్పటికీ మంచిదే. చెక్క గీతలు కనిపించేలా పాలిష్ పెట్టేచోట మాత్రం తెల్లటి మచ్చ అవుతుంది. అలాంటి చోట పడ్డ చిన్న గీరలకూ నొక్కులకూ లక్క మేలు. రంగు కలిపిన లక్క కడ్డీని వేడి చేసి కరిగించి దించితే వెంటనే బిగుస్తుంది. ఏటికొప్పాక బొమ్మల పనివాళ్ళు తిరిగే అంకుడు కర్రకు లక్కను ఒత్తి, రాపిడి వేడితోనే కరిగించి పట్టించేది ఆ గుణం వల్లే.

20వ శతాబ్దం ఈ ముద్దను సీసాల్లోకీ డబ్బాల్లోకీ ఎక్కించింది. 1920ల్లో నైట్రోసెల్యులోజ్‌లో చెక్క పిండి కలిపిన ‘ప్లాస్టిక్ వుడ్’ అమెరికా బజారుకు వచ్చింది. అందులోని ద్రావకం ఎగిరిపోతుంది, పోయినంత మేరా పూడిక కుంగుతుంది. మనకు 1959లో ఫెవికాల్ వచ్చాక, ఎముకలూ తోలూ ఉడికించిన జిగురు వడ్రంగుల చేతుల్లోంచి జారిపోయింది. అదే చెక్క పొట్టును ఆ తెల్ల జిగురులో కలిపి కన్నం పూడ్చడం ప్రతి పని దగ్గరా చూస్తాం. సన్నని పొట్టు అయితే సన్నని సందుకు బాగానే పనిచేస్తుంది. కానీ జిగురు ఎక్కువైతే అక్కడ పాలిష్ పట్టదు, చెక్క ముదురు రంగు తేలినా ఆ చుక్క వెలవెలబోతూ మిగులుతుంది.

ఇక ఎపాక్సీ. స్విట్జర్లాండ్‌లో పియర్ కాస్టాన్ 1930ల్లో చేసిన పనిని సీబా కంపెనీ తీసుకుని, 1946లో అరాల్డైట్ పేరుతో లోకానికి చూపింది. రెండు భాగాలు కలిపితే ఒకదానితో ఒకటి కలిసి గట్టిపడతాయి. ఎగిరిపోయే ద్రావకం ఉండదు కాబట్టి కుంగుడు చాలా తక్కువ. ఊడిన ముడి ఉన్నచోట, విరిగిన మూల, పుచ్చు తినేసిన చిన్న బొరియ వంటివాటికి ఇది గొప్ప సాయం. ఈ బలం చూసే జనం అన్నిచోట్లా దీన్నే కూరుతున్నారు. నాకు బాధ కలిగించేది అక్కడే. కదిలే పగుల్లో ఎపాక్సీ నింపితే అది కదలదు, చెక్కే కదలాలి. ఎండాకాలంలో పూడిక అంచునే మరో పగులు విచ్చుకుంటుంది. వానల్లో ఉబ్బిన చెక్క ఆ గట్టి ముద్దకు ఒరుసుకుని నలుగుతుంది. నలిగిన పీచు మళ్ళీ నిండదు, మరుసటి వేసవికి సందు ఇంకాస్త పెద్దదవుతుంది. కుళ్ళిన గడప పాదంలో నింపితే మరీ ప్రమాదం. లోపలి తడికి దారి మూసుకుపోయి కుళ్ళు చేవలోకి పాకుతుంది.

కాబట్టి ముందు కన్నం ఎందుకు పడిందో చూడాలి. స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చితే కసుక్కున దిగే చోటంతా ఉలితో తీసెయ్యాలి. సన్నని పిండి రాలుతుంటే పుచ్చు ఇంకా బతికే ఉంది, దానికి మందు ముందు. మట్టి పోసుకుని ఉంటే చెద. గోడలో దాని దారి తెంపకుండా ఏ ముద్ద పెట్టినా దండగే. మడత బందుల మరలు లూజైన కన్నాల్లో లప్పం మరను పట్టదు, అదే జాతి కర్రతో చీల చెక్కి జిగురు రాసి దించి కొత్తగా బిగించాలి. పాత ఇళ్ళ తలుపులు గీకేటప్పుడు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నియమం మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులోనే. అంతకు ముందు పూతల్లో ఏముందో తెలియదు కాబట్టి తడిపి గీకాలి, పిల్లల్ని ఆ దుమ్ముకు దూరంగా ఉంచాలి.

వేలు పట్టేంత పగులైతే ఏ ముద్దా వద్దు. ఆరిన అదే టేకు నుంచి, పీచు అదే దిక్కున ఉండేలా, సన్నని బద్ద చిత్రిక పట్టి దించాలి. పగులు ఏటేటా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే రకమైతే బద్దకు ఒక వైపు మాత్రమే జిగురు రాయాలి, రెండో వైపు చెక్క కదలడానికి వదిలెయ్యాలి. ఈ పని నడివేసవిలో పగులు పూర్తిగా తెరుచుకున్నప్పుడు చేస్తే వానలకు బద్ద నలుగుతుంది. భాద్రపదంలో చేస్తే వేసవికి ఊగుతుంది. మార్గశిర, పుష్య మాసాల్లో చెక్క ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది, బద్ద అప్పుడు దించాలి.