సెంట్రింగ్ అడగని గుమ్మటం

మౌంట్ ఆబూలోని దిల్వారా జైన ఆలయాలు చూసొచ్చిన పాఠకుడొకరు అడిగారు: "విమలవసహి రంగమండపం నడుమ స్తంభం లేదు, గుమ్మటంలో కమాను లేదు. అంత పాలరాయి పడిపోకుండా ఎలా ఉంది?" ఈ ప్రశ్న వచ్చాక ఈ నెల వేరే విషయం రాయబుద్ధి కాలేదు.

ఆలయాన్ని 1031లో సోలంకీ రాజు మొదటి భీముడి మంత్రి విమలశా కట్టించాడు. గుమ్మటాన్నీ ఆయన ఖాతాలోనే వేస్తుంటారు గానీ, ఈ రంగమండపం 12వ శతాబ్దంలో పృథ్వీపాలుడు చేర్చింది.

ఇక అసలు సంగతి. స్తంభాల మీద దూలాలు, వాటి మీద గుండ్రంగా రాళ్ల వరస. పై వరస కిందిదానికన్నా కాస్త లోపలికి, ఆపైది మరికాస్త లోపలికి. విడిరాయిని సగానికి మించి ముందుకు జరిపితే బోర్లా పడుతుంది. కాబట్టి వెనక బరువు పెట్టి అదిమారు, అంతే అని చాలామంది తేల్చేస్తారు. తిన్నని గోడకైతే ఆ మాట చాలు. వలయం సంగతి వేరు!

వలయంలో రాయి లోపలికి ఒరగాలంటే ఇంకా ఇరుకైన చోటికి రావాలి. పక్కరాయీ అటే వస్తుంది. ఇరుకు గుమ్మంలో నలుగురు ఒకేసారి దూరబోతే భుజాలు పట్టేసినట్టు, రాళ్లు ఒకదాన్నొకటి నొక్కుకుని ఆగిపోతాయి. పడబోవడమే వాటిని బిగిస్తుంది. రాయి లాగుడుకు త్వరగా విరుగుతుంది, నొక్కుడుకు బాగా ఓర్చుకుంటుంది. వలయం చుట్టూ ఉన్నది నొక్కుడే. కమానుకు నడినెత్తి రాయి కుదిరేదాకా కింద చెక్క సెంట్రింగ్ తప్పదు. ఇక్కడ ఒక చుట్టు పూర్తయితే చాలు, దానంతటదే నిలుస్తుంది. శిల్పి పై చుట్టు మొదలుపెట్టవచ్చు.

గుమ్మటం లోపల చుట్టూ నిలిచిన 16 మంది విద్యాదేవతలే కప్పును మోస్తున్నారనిపిస్తుంది. మోసేది వాళ్ల వెనకున్న వలయాలు.

కమాను తెలియకే ఇలా కట్టారన్నది మరో అపోహ. గుప్తుల కాలపు భీతర్‌గావ్ ఇటుక గుడిలో కమానులున్నాయి. తెలిసీ దీన్ని ఎంచుకున్నారు: కమాను గోడలను పక్కలకు గట్టిగా తోస్తుంది, ఈ పేర్పు బరువును చాలామటుకు నిట్టనిలువుగా దించుతుంది. సన్నని స్తంభాలకు కావలసింది అదే. కాకతీయుల గుళ్లలో మూలలు తిప్పి చదరం మీద చదరం పేర్చిన కప్పులూ ఈ కుటుంబానివే.

ఉపయోగమా? టర్కీలోని హరాన్‌లో తేనెపట్టు ఆకారపు ఇళ్లను కలప కరువైన చోట ఇలాగే కట్టుకున్నారు. మనం మాత్రం చిన్న గదికీ సెంట్రింగ్ చెక్కకు డబ్బు పోస్తున్నాం. దిల్వారా వెళ్తే చెక్కడాల కన్నా ముందు రాళ్ల అతుకులు వెతకండి. ఆ గుమ్మటాన్ని నిలబెట్టిన తెలివి అక్కడుంది.