ఓటమిలో దాగిన ఆనందం

హైదరాబాదు నగరంలోని చిక్కడపల్లి విద్యార్థి లోకానికి సుపరిచితమైన ప్రాంతం. అక్కడి నగర కేంద్ర గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు సిద్ధమయ్యే యువతీయువకులు గంటల తరబడి చదువుతూ కనిపిస్తారు. చేరువలోని అశోక్‌నగర్ శిక్షణ కేంద్రాలకు, వసతిగృహాలకు పేరుపొందింది. కొద్ది దూరంలోనే ఆర్.టి.సి. క్రాస్‌రోడ్స్ సినిమా థియేటర్లు ఉన్నాయి. చదువూ వినోదమూ ఇలా ఇరుగుపొరుగున నెలకొన్న ఈ చోట, పుస్తకం మూసిన విద్యార్థికి సినిమా కంటే ముందుగా చేతికందే వినోదం సెల్‌ఫోనులోని వీడియో గేమ్. సినిమాలో కథానాయకుడు సాధారణంగా చివరికి గెలుస్తాడు. వీడియో గేమ్‌లో ఆడేవాడు పదేపదే ఓడిపోతాడు. అయినా ఆట మానడు. ఓడించే ఆటలో ఆనందం ఎక్కడిది?

ఆట రుచి తెలిసినవారు మొదట కోరేది న్యాయమైన ఓటమి. తెలుగునాట తరతరాలుగా ఆడుతున్న రెండు ఆటలు ఈ మాటను విశదం చేస్తాయి. వైకుంఠపాళిలో పాము నోట పడటానికి గవ్వల పందెమే కారణం. ఆడేవాని నేర్పుకు అక్కడ చోటు లేదు. పులిజూదం అటువంటిది కాదు. మేకను పోగొట్టుకున్నవాడు తాను ఏ ఎత్తులో పొరబడ్డాడో గ్రహించి, మరుసటి ఆటలో దిద్దుకుంటాడు. మంచి వీడియో గేమ్ పులిజూదం కోవకు చెందినది. తప్పు తనదేనని తెలిసినప్పుడు, దానిని సరిదిద్దుకునే శక్తి కూడా తనదేనన్న నమ్మకం ఆడేవానికి కలుగుతుంది.

రెండవది, కష్టం క్రమంగా పెరగాలి. 1978లో జపానుకు చెందిన తొమోహిరో నిషికాదో రూపొందించిన 'స్పేస్ ఇన్వేడర్స్'లో శత్రువుల సంఖ్య తగ్గేకొద్దీ మిగిలినవారి వేగం పెరుగుతుంది. తెరపై చిత్రించవలసిన బొమ్మలు తగ్గడంతో యంత్రం చురుకుగా పనిచేయడమే దీనికి కారణం. నిషికాదో దానిని లోపంగా భావించి సవరించక, ఆటలో భాగంగా నిలుపుకున్నాడు. 1985లో వెలువడిన 'సూపర్ మారియో బ్రదర్స్' ఆరంభంలోనే ఒక చిన్న శత్రువు ఎదురుగా నడిచి వస్తుంది. దానిని తాకి ప్రాణం పోగొట్టుకున్నవారు మరుసారి ఎగిరి దాటుతారు. ఉపదేశమేదీ లేకుండానే ఆట నేర్పుతుంది. పని మరీ సులువైతే విసుగు, మరీ కఠినమైతే ఆందోళన కలుగుతాయనీ, సామర్థ్యానికి సవాలు సరితూగినప్పుడు మనిషి కాలాన్ని మరచి లీనమవుతాడనీ మనస్తత్వ శాస్త్రవేత్త మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయి వివరించాడు. ఈ స్థితికి ఆయన పెట్టిన పేరు 'ఫ్లో', అనగా ప్రవాహం.

మూడవది తోడు. 2000 తరువాతి సంవత్సరాలలో ఇంటర్నెట్ కేంద్రాలలో 'కౌంటర్ స్ట్రైక్' ఆడిన విద్యార్థులకు పక్క కుర్చీలోని మిత్రుని కేకలు, పరిహాసాలు ఆటలో సగపాలు. ఒంటరిగా ఓడినవానికి నిరాశ మిగులుతుంది. నలుగురిలో ఓడినవానికి నవ్వు కూడా దక్కుతుంది.

పరీక్షార్థిని ఈ ఆటలు అంతగా ఎందుకు ఆకర్షిస్తాయో దీనిని బట్టి బోధపడుతుంది. ఉద్యోగ పరీక్ష ఫలితం కోసం నెలల తరబడి ఎదురుచూడాలి. తప్పితే మరో ప్రకటన ఎప్పుడు వెలువడుతుందో తెలియదు. ఆటలో ఓటమి క్షణంలో తెలుస్తుంది. మరుక్షణమే మరో అవకాశం లభిస్తుంది. ఆ ఊరటే హద్దు మీరితే వ్యసనమవుతుంది. ఆటపై అదుపు కోల్పోవడం, ఇతర పనుల కంటే దానికే ప్రాధాన్యమివ్వడం, హాని కలుగుతున్నా మానలేకపోవడం అనే లక్షణాలుగల గేమింగ్ రుగ్మతకు, 2019లో ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో స్థానం లభించింది. ఇక డబ్బు పందెంగా ఒడ్డిన చోట ఓటమి పాఠంగా మిగలదు, నష్టంగా మారుతుంది. అట్టి ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ భారత పార్లమెంటు 2025లో చట్టం చేసింది.

అయితే ఆటలోని మేలైన సూత్రాన్ని చదువుకు మళ్లించుకోవచ్చు. పాఠ్యాంశాన్ని చిన్న భాగాలుగా విభజించుకుని, ఒక్కొక్క భాగం ముగియగానే తనను తానే పరీక్షించుకునే విద్యార్థికి తన తప్పు వెంటనే తెలుస్తుంది. మిత్రులు ఒకరినొకరు ప్రశ్నించుకుంటే తోడు కూడా లభిస్తుంది. పరీక్ష ఫలితం వెలువడే వరకు వేచి ఉండక, తప్పును నాటికి నాడే గుర్తించి దిద్దుకునేవారికి గ్రంథాలయంలోని బల్ల ముందు కూడా ఆటలోని ఉత్సాహం కొంత కలుగక మానదు.