శిబిరాలపై దాడులు: ఎర్రబోర్ ఉదంతం

సాయుధ సంఘర్షణ వల్ల దేశ సరిహద్దు దాటినవారు శరణార్థులు. స్వదేశంలోనే చెదిరిపోయినవారు అంతర్గత నిర్వాసితులు. ఈ తేడాను మీరు గుర్తుంచుకోవాలి.

ఛత్తీస్‌గఢ్‌లో 2005లో సల్వాజుడుం మొదలయ్యాక అనేక ఆదివాసీ గ్రామాలు ఖాళీ అయ్యాయి. కొందరు ఖమ్మం జిల్లా అడవులకు వలస వచ్చారు. మరికొందరిని శిబిరాల్లో ఉంచారు. కోంట సమీపంలోని ఎర్రబోర్ శిబిరంపై 2006 జులైలో మావోయిస్టులు దాడి చేసి, పిల్లలతో సహా 30 మందికి పైగా చంపారు.

శిబిరాల్లోని యువకులు కొందరిని ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి ఆయుధాలిచ్చారు. దాంతో పౌరులకూ, పోరాడేవారికీ మధ్య గీత చెరిగింది. అయినా అది పౌరులపై దాడికి సమర్థన కాదు. 1998 నాటి ఐక్యరాజ్యసమితి మార్గదర్శక సూత్రాల్లో పదవది నిర్వాసితుల శిబిరాలపై దాడులను నిషేధిస్తుంది. మావోయిస్టులపై పోరుకు ఇటువంటి అధికారులను వాడరాదని 2011లో సుప్రీంకోర్టు ఆదేశించింది. శిబిరాన్ని కాపాడడమంటే, అందులోకి ఆయుధం రాకుండా చూడడం కూడా అని గ్రహించండి.